ఆదివారం ముఖం

నేను అక్క బొమ్మ వేయడం మొదలుపెట్టి ఏళ్లు గడిచాయి. ప్రతి ఆదివారం ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూలబడి, మోకాళ్లు పట్టేశాయని సణుగుతుంది. ఆమె అటు వెళ్లగానే నేను ఇటు కత్తి తీసుకుని, వేసిన ముఖమంతా గీకేస్తాను. అడిగితే రంగు కుదరలేదంటాను. బొమ్మ పూర్తయితే ఈ గది గడప తొక్కేవాళ్లు ఇంకెవరున్నారు?

"మొదలుపెట్టినప్పుడు నా జుట్టు నల్లగా ఉండేదిరా. నువ్వు పూర్తి చేసేలోపు నా పని అయిపోయేలా ఉంది," అంది ఇవాళ.

నవ్వే ఓపిక కూడా లేకపోయింది. వేసిందే వేసి, గీకిందే గీకి నా ప్రాణం విసిగిపోయింది. ఈసారి ముఖం పూర్తిచేసి కుంచె కడిగేశాను.

"అయిపోయిందక్కా. ఇక నువ్వు పడుతూ లేస్తూ రానక్కర్లేదు."

అక్క లేచి బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. సంచి భుజాన వేసుకుని, బొటనవేలితో ఇంకా ఆరని రంగును బొమ్మ బుగ్గ మీద నుంచి చెవిదాకా లాగేసింది.

"అయ్యో, చెయ్యి తగిలింది," అంది, వేలు తుడుచుకుంటూ. "వచ్చే ఆదివారం మళ్లీ రావాలి కాబోలు. నా ఖర్మ!"