తప్పుల తమ్ముడు

పంచాల్సిన పత్రికలన్నీ మడిచి కట్టలు కట్టాక, పోయిన వారం సంచిక ఒక్కటి విడిగా తీసి సంచిలో పెట్టుకున్నాడు తప్పుల తమ్ముడు. ఆ పేరు ఊరు పెట్టింది. వారపత్రికకు అన్న సంపాదకుడు, వదిన అచ్చుతప్పులు దిద్దుతుంది, ఇతను యంత్రం నడుపుతాడు, ఇల్లిల్లూ తిరిగి పంచుతాడు. ఆ కుటుంబంలో పత్రిక పని అంటనిది ఇతని భార్య ఒక్కతే.

పత్రిక పెట్టిన తండ్రి ఒక కట్టుబాటు చేసిపోయాడు. ఎవరి గురించి తప్పు పడినా దిద్దుబాటు అచ్చేస్తే చాలదు, ఇంటి మనిషి వాళ్ల గుమ్మం దాకా వెళ్లి నోటితో ఒప్పుకుని రావాలి. అన్నకు నామోషీ, వదినకు మొహమాటం. అది చిన్నవాడి నెత్తిన పడి అక్కడే ఉండిపోయింది.

పెళ్లికూతురి పేరుకు బదులు ఆమె చెల్లెలి పేరు పడినప్పుడు ఆ ఇంటివాళ్లు ఇతన్ని ఎండలో నిలబెట్టి కడిగేశారు. తరగతిలో మొదటివాడైన కుర్రాడు పరీక్ష తప్పాడని వేసినప్పుడు వాడి నాయనమ్మ చీపురు తిరగేసింది. అయినా ఆ రెండిళ్లూ పత్రిక మానలేదు. పట్నం నుంచి రంగురంగుల పత్రికలు వచ్చిపడ్డా ఈ నాలుగు పేజీల కాగితం బతికి బట్టకట్టింది. అది సంపాదకీయాల చలవ కాదని ఊరందరికీ తెలుసు, అన్నకు తప్ప.

"ఈ వయసులో గుమ్మాలెక్కడం ఏమిట్రా? మూడో పేజీలో రెండు ముక్కలు వేశాం కదా, చూసుకుంటాడు" అన్నాడు అన్న, కాగితాల్లోంచి తలెత్తకుండా.

"చూసుకుంటాడన్నయ్యా. కానీ ఆయన్ని మనం చంపింది మొదటి పేజీలో."

వదిన నవ్వాపుకుంది.

"సరే, వెళ్లు. నీ తర్వాత ఎవరు వెళ్తారో చూస్తాను!" అన్నాడు అన్న.

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. ఈ మధ్య అతన్ని తొలుస్తున్న దిగులు అదే. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. తనతోపాటే నాన్న మాట కూడా పోతుందేమో.

పిండిమర యజమాని కనుబొమల దాకా పిండితో బయటికొచ్చాడు. చనిపోయింది ఆయన పినతండ్రి కొడుకు, వార్త మీద పడింది ఈయన ఫోటో.

"రావయ్యా! నా చావుకు నన్నే పరామర్శించడానికొచ్చావా?"

"తప్పు జరిగిందండీ. మాదే తప్పు."

"మా అమ్మాయి పొరుగూరి నుంచి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

ఫోటోలు తారుమారు చేసింది అన్న. ఆ మాట అతను ఎత్తలేదు. ఎదుటివాడి కోపం ఒట్టిపోయేదాకా, ఒక్క సాకూ చెప్పకుండా నిలబడటం అతనికి తెలిసిన విద్య. అది అందరికీ అబ్బేది కాదు.

చివరికి మర యజమాని మొహం తుడుచుకున్నాడు. "ఫోటో మాత్రం బాగా పడిందయ్యా. నిజంగా పోయినప్పుడు అదే వెయ్యండి. కూర్చో, మంచినీళ్లు తాగి వెళ్లు."

మిగతా ఇళ్లకు పత్రికలు వేసి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. "కాస్త నడుం వాల్చి యంత్రానికి నూనె వేస్తాను వదినా" అంటూ గోడవారగా బల్ల మీద ఒరిగాడు. భోజనానికి లేపబోయిన వదిన చేతికి అతని చెయ్యి చల్లగా తగిలింది.

మరుసటి వారం ఆ వార్త అన్నే రాశాడు. వదిన దిద్దింది గానీ, కన్నీళ్లలో అక్షరాలు ఆనలేదు. పత్రికలు ఇళ్లకు చేరిపోయాక అన్న మళ్లీ చదువుకున్నాడు. 'ఆయనకు అన్న, వదిన ఉన్నారు' అని ఉంది. భార్య ఊసే లేదు.

"వచ్చేవారం దిద్దుబాటు వేద్దాం" అన్నాడు. వదిన గోడవారగా ఉన్న తమ్ముడి బల్ల వైపు చూసింది. అతను లేచి, ఆ సంచిక తీసుకుని, రెండు సందుల అవతల ఉన్న తమ్ముడి ఇంటికి నడిచాడు.

తలుపు తీసిన మరదలి ఎదుట నిలబడ్డాడు. ఇన్నేళ్లూ తమ్ముడు మోసిన బరువు ఎంతో అప్పటికి తెలిసింది.

"తప్పు జరిగిందమ్మా. నిన్ను మర్చిపోయాను. రాసింది నేనే."

"ఆయనే వచ్చి చెప్పినట్టుంది బావగారూ" అని ఆమె గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. అతను కదలకుండా నిలబడ్డాడు. వాకిట్లో దండెం మీద, ఎంత ఉతికినా చేతుల అంచున సిరా నలుపు వదలని తమ్ముడి చొక్కా ఆరుతోంది.