పెన్సిలు గీత పడని పేజీ

ఆ బడిలో ఇంగ్లీషు పాఠం చదవడంతో మొదలయ్యేది కాదు, పెన్సిళ్ళు చెక్కడంతో మొదలయ్యేది.

"మొదటి ప్రశ్నకి జవాబు రెండో పేరాలో ఉంది. 'నది' అన్న మాట దగ్గర్నుంచి ఫుల్‌స్టాప్ దాకా. బ్రాకెట్టు పెట్టండి" అనేది పంతులమ్మ. తరగతి మొత్తం తలలు వంచి బరబరా గీసేది. ప్రశ్నలు అయిపోగానే పాఠమూ అయిపోయినట్టే. బ్రాకెట్ల మధ్య ఉన్నది ఇంటికెళ్ళి బట్టీ పట్టాలి. బయట ఉన్నదాని జోలికి ఎవరూ పోనక్కర్లేదు.

వాక్యాల రకాలకీ అంతే సులువైన దారి ఉంది. చివర చుక్క ఉంటే చెప్పడం, కొక్కెం ఉంటే అడగడం, నిలువుగీత కింద చుక్క ఉంటే ఆశ్చర్యపోవడం. ఆ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏ కడుపుమంటతో అన్నారు అన్న గొడవే లేదు.

మనలో చాలామంది ఇంగ్లీషు ఇలాగే నేర్చుకున్నాం, కాబట్టి పంతులమ్మను తప్పుపట్టడానికి తొందరపడకండి. ఆమె మనసు చెడ్డది కాదు. గొంతు బొంగురుపోయేదాకా చెప్పేది. ఆమె చేతిలో పిల్లలు గట్టెక్కుతున్నారని హెడ్మాస్టరు గారు బడి గేటుకు ఫలితాల బోర్డు కట్టించారు. ఆ బోర్డుకు మచ్చ రాకుండా ఒక నియమం కూడా పెట్టారు. ఇంగ్లీషులో రెండు పరీక్షలు వరసగా తప్పిన పిల్లల్ని బడి ఉంచుకోదు.

ఆ యేడు అలా రెండూ తప్పింది ఒక్క పిల్లే. తరగతిలో అందరూ దాన్ని నత్త అని పిలిచేవారు. అందరూ బ్రాకెట్లు పెట్టేసి పెన్సిలు పెట్టెలు మూసేసరికి, అది మొదటి పేరా మీద వేలు ఆనించి, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటనే కూడబలుక్కుంటూ ఉండేది. "ఇంకా అక్కడే ఉన్నావా? నీ వెనకే పాకుతూ పోతే ఏడాది గడిచిపోతుంది" అని పంతులమ్మ విసుక్కుంటే, తరగతి ఘొల్లుమనేది. నత్త నవ్వేది కాదు, ఏడ్చేదీ కాదు. వేలు మాత్రం తీసేది కాదు.

శుక్రవారం సాయంత్రం వాళ్ళ నాన్నకు కబురు వెళ్ళింది. ఆయన ఇళ్ళకు రంగులేసే పెయింటరు. పని మీంచి నేరుగా వచ్చాడు. కనురెప్పల మీద కూడా తెల్లరంగు తుంపర్లున్నాయి. కుర్చీకి మరకంటుతుందని అంచున కూర్చున్నాడు.

"మీ అమ్మాయి బుద్ధిమంతురాలేనండీ. కానీ ఇంగ్లీషు బుర్రకెక్కడం లేదు" అంది పంతులమ్మ, వీలైనంత మెత్తగా.

"నేనూ అదే అనుకున్నానమ్మా. మా అక్కకి కుట్టుకొట్టు ఉంది. సోమవారం నుంచి అక్కడ కూర్చోబెడతాను. కుట్టుమిషనుకి ఇంగ్లీషుతో పనేముంది!" అని ఆయన తనే నవ్వాడు. పక్కన నిలబడ్డ కూతురు సంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది. చుట్టి చుట్టి వేలి కొస తెల్లబడింది.

ఆయన లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, తల గోక్కుంటూ ఆగాడు.

"పోతూ పోతూ ఒక్క మాటమ్మా. ఏమీ అనుకోకండి. ఆ పడవవాడు అవతలి గట్టు చేరాడా, లేదా?"

"ఏ పడవవాడు?"

"మీ పుస్తకంలో వాడేనమ్మా. ఇది రోజూ అన్నాల దగ్గర కొంచెం కొంచెంగా చెప్పుకొచ్చింది. తమ్ముడు అలిగి నది దాటి పోవడం, అన్న గట్టు మీద దీపం పెట్టుకుని ఎదురుచూడటం... మేమందరం చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి విన్నామనుకోండి. తీరా అన్న పొగమంచులో పడవేసుకుని బయల్దేరాక 'కథ అయిపోయింది' అంటుంది. మా అమ్మ ఒప్పుకోదే! 'మనిషిని నది మధ్యలో వదిలేసి కథెలా అయిపోతుందే? బద్ధకమేసి మిగతాది చదవలేదు నువ్వు' అని పట్టుబట్టింది. ఇల్లంతా రెండు పార్టీలైపోయాం. మీరు చెబితే తేలిపోతుంది."

ఆ పాఠం పంతులమ్మ ఎన్నేళ్ళుగానో చెబుతోంది. కానీ ఆఖరి పేజీ నుంచి ప్రశ్న రాదు, బ్రాకెట్టు పడదు. ఆ పేజీలో ఏముందో ఆమెకు గుర్తు లేదు. అటూ ఇటూ చూసింది. వరండాలో తరగతి ఫస్టు పిల్ల కనిపించింది. గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుందని దానికి మైకు అని పేరు.

"ఇలా రామ్మా. పడవవాడి పాఠం చివర్లో ఏమైంది?"

మైకు చేతులు కట్టుకుని నిటారుగా నిలబడింది. "అది ఎన్నో ప్రశ్న మేడం?"

పంతులమ్మ మైకును పంపేసి, మెల్లగా నత్త వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా."

నత్త వాళ్ళ నాన్న వంక చూసి మొదలుపెట్టింది. "పొగమంచు కమ్మేసింది మేడం. అవతలి గట్టు మీంచి ఒక గొంతు వినపడింది, 'అక్కడెవరైనా ఉన్నారా?' అని. అది తమ్ముడి గొంతే."

పంతులమ్మ ఉలిక్కిపడింది. పరీక్షలో ఏ రకం వాక్యమో రాయమని, ఆఖరి పేజీకి ముందు పేజీలోంచి కొక్కెం చూసి తను ఏరి ఇచ్చింది సరిగ్గా ఈ వాక్యాన్నే. అందరూ కొక్కెం చూసి 'ప్రశ్న' అని రాశారు. నత్త ఒక్కతే 'బతిమాలడం' అని రాసింది. తను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసింది.

"బతిమాలడం అని ఎందుకు రాశావు?"

"అన్న ఉన్నాడని తమ్ముడికి తెలుసు కదా మేడం. మంచులోనూ దీపం మసగ్గా కనపడుతూనే ఉంది. వచ్చి తీసుకెళ్ళన్నయ్యా అనడానికి మొహం చెల్లక అలా అన్నాడు."

పంతులమ్మ ఆ వాక్యాన్ని మనసులో మళ్ళీ చదువుకుంది. కొక్కెం చూస్తే అది ప్రశ్నే. మనిషిని చూస్తే బతిమాలడమే. ఇన్నేళ్ళూ తను కొక్కేన్నే చూసింది.

పంతులమ్మ పుస్తకం తెరిచి ఆఖరి పేజీ తిప్పింది. పెన్సిలు గీత ఒక్కటి లేకుండా, అచ్చయిన రోజు ఉన్నంత శుభ్రంగా ఉంది. పైకి చదివింది. పడవ కదిలింది. దీపం వెనకబడింది. అన్న మంచులోకి కేకేశాడు, 'ఉండు! వస్తున్నా!' అని. ఆ కింద సగం పేజీ ఖాళీ.

"అక్కడికే అయిపోయింది. మీ అమ్మాయి చెప్పిందే నిజం."

"అయితే మా అమ్మ ఓడిపోయిందన్నమాట!" పెయింటరు ముఖం వెలిగింది, వెంటనే ముడుచుకుంది. "మరి వాడు గట్టు చేరినట్టా, చేరనట్టా?"

"చేరే ఉంటాడు నాన్నా. 'ఉండు, వస్తున్నా' అని మాటిచ్చినవాడు వెనక్కి తిరగడు" అంది నత్త.

ఆయన తల ఊపి, కూతురి చెయ్యి పట్టుకుని బయల్దేరాడు.

"ఉండండి!" అంది పంతులమ్మ. కేకలాగే వచ్చింది. "ఆ పిల్లని ఎక్కడికీ తీసుకెళ్ళకండి. నేను మాట్లాడి వస్తాను."

హెడ్మాస్టరు గారు ఆమె చూపించిన నత్త జవాబు పత్రం చూసి పెదవి విరిచారు. "నియమం నియమమే కదమ్మా. రేపు ఇంకొకరు వస్తారు. బోర్డు ఏమైపోవాలి?"

"తరగతి మొత్తంలో కథ చదివింది ఆ పిల్ల ఒక్కతే సార్. నేను కూడా చదవలేదు. తప్పింది ఆ పిల్ల కాదు, నేను పెట్టిన పరీక్ష. దాన్ని పంపాలంటే ముందు నన్ను పంపాలి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచారు. తుడిచినంతసేపూ ఆలోచించారు. "సరే. మళ్ళీ పరీక్ష పెట్టండి. ఈసారి అందరికీ" అన్నారు చివరికి.

సోమవారం ఇంగ్లీషు పాఠం రబ్బర్లతో మొదలైంది. పాత బ్రాకెట్లన్నీ చెరిపించి, పంతులమ్మ నత్త పక్కన బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. "నువ్వు చదువమ్మా. మేం నీ వెనకే వస్తాం. తొందరేం లేదు."

మైకు చెయ్యెత్తింది. దాని గొంతులో నిజంగానే కంగారుంది. "ఎక్కడినుంచి ఎక్కడిదాకా మేడం?"

"మొదటి మాట నుంచి చివరి మాట దాకా" అంది పంతులమ్మ. "ఏ భాషైనా మనుషులు మనుషులతో మాట్లాడుకోవడానికే పుట్టింది. ఎవరు, ఎవరితో, ఏ బాధలో ఆ మాట అన్నారో తెలుసుకోకుండా దానికి పేరు పెట్టడం చదువు కాదు. ముందు కథలో మనుషుల్ని వినండి. ప్రశ్నలు తర్వాత వస్తాయి."