మూడు పిన్నీసుల సంచి

టీచరమ్మకు రోజూ మూడు తరగతులు. నాలుగింటికి ఆరేళ్ళ పిడుగులు, అయిదింటికి మీసాలు మొలిచీ మొలవని కుర్రకారు, ఆరింటికి అరవై దాటిన పెద్దలు. అందరికీ చెప్పేది ఇంగ్లీషే, తిప్పలు మాత్రం దేనివి దానివే. పిడుగులకు పాఠం చెప్పాలంటే ముందు వాళ్ళను బల్లల మీంచి కిందికి దింపాలి. కుర్రకారు ఏదడిగినా భుజాలెగరేసి ఊరుకుంటారు. వాళ్ళు వెర్రిగా అభిమానించే ఫుట్‌బాల్ జట్టును "అదీ ఒక జట్టేనా" అని చూడండి, పుస్తకాలు పక్కన పడేసి ఇంగ్లీషులోనే పోట్లాటకొస్తారు! ఇక పెద్దలు. రాయమంటే ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తారు. మాట్లాడమంటే బెల్లం కొట్టిన రాళ్ళే.

ఎందుకంటారా? జన్మంతా చేసిన పనిలో తప్పన్నది ఎరగనివాళ్ళు మరి. నలభై ఏళ్ళు రైలు నడిపిన డ్రైవరు తాతగారు, ఊళ్ళో సగం తలుపులకు తాళాలు బిగించిన తాళాలాయన, నలుగురిలో నోరు జారతారా? వీళ్ళందర్లోకీ గట్టి రాయి ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ టీచరమ్మ అత్తగారు.

ఆవిడ ఎలా చేరిందో కూడా చెప్పాలి. తరగతి నడవాలంటే పదిమంది ఉండాలని నియమం. తొమ్మిది దగ్గర లెక్క ఆగిపోతే, "నన్ను రాసుకోవే, నేనొస్తాగా" అంది. కోడలు మురిసిపోయింది. ఆ మురిపెం మొదటి రోజుతోనే సరి. పొద్దున్న లేచింది మొదలు గోడలతో, పూలకుండీలతో, చివరికి కుక్కరుతో కూడా కబుర్లాడే మనిషి, తరగతిలో మూడు నెలలుగా ఒక్క ఇంగ్లీషు ముక్క పలికితే ఒట్టు. వెనక బల్ల మీద చేతులు కట్టుకు కూర్చుని కోడలి వంకే చూస్తుంది.

"అత్తయ్యా, ఒక్క మాటైనా మాట్లాడండి, మీకు పుణ్యముంటుంది," అని దారిలో బతిమాలేది కోడలు.

"కోడలి ముందు తప్పు మాట్లాడి నవ్వులపాలవమంటావా? నా వల్ల కాదమ్మా."

ఇద్దరూ ఇంటికెళ్ళేవారు. కోడలు కూర మాడ్చేది. అత్తగారు "బాగుందే, ఎలా చేశావు?" అనేది. కొడుకు ఓడ మీద ఉద్యోగి, ఆర్నెల్లకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది వీళ్ళిద్దరే.

ఇంతలో కత్తి మెడ మీదికొచ్చింది. టీచరమ్మను మూడు నెలలు చూసి ఉంచుకుంటామనే షరతు మీద తీసుకున్నారు. ఆ మూడు నెలలూ నిండాయి. బుధవారం ఆరింటికి బడి నడిపే పెద్ద మేడం వచ్చి పెద్దల తరగతిలో కూర్చుంటుంది. పెద్దలు నోరు విప్పితే ఉద్యోగం ఖాయం. విప్పకపోతే తరగతి మూత, టీచరమ్మ ఇంటికి. ఇంతకుముందు రెండు చోట్ల ఇలాగే గుమ్మం చూపించారు. ఇదీ పోతే ఇంకే బడి మెట్లు ఎక్కను, ఏ ముఖంతో ఎక్కను అని ఆమె బెంగ. అందుకే రెండు వారాలు కూర్చుని పెద్దల కోసం బ్యాంకు ఫారాలు, డాక్టరు చీటీలు, రైలు టిక్కెట్లు తయారుచేసింది. అవి చూసి చదివినా మాట్లాడినట్టే కదా అని చిన్న ఆశ.

మూడు తరగతుల సామానూ మూడు సంచుల్లో ఉంటుంది. మూడూ అత్తగారు ఒకే పాత కర్టెను కత్తిరించి కుట్టినవి, దేనికీ దేనికీ తేడా తెలిసి చావదు. అందుకని కోడలు పిన్నీసులు గుచ్చుకుంది. నాలుగింటివాళ్ళకు ఒకటి, అయిదింటివాళ్ళకు రెండు, ఆరింటివాళ్ళకు మూడు.

మంగళవారం కోడలు ఇంట్లో లేనప్పుడు అత్తగారికి ప్రేమ పొంగుకొచ్చింది. పెద్ద మేడం వస్తుంటే మాసిన సంచులా! సామాను మూడు కుప్పలుగా పోసి, సంచులు ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ సర్దింది. పిన్నీసుల దగ్గర కాసేపు ఆగింది. ఆనక తనకు తోచిన న్యాయం చేసింది. ఎక్కడైనా పెద్దలు ముందు కదా, వాళ్ళకు ఒకటి. పిల్లలు చివర, వాళ్ళకు మూడు. ఈ సంగతి కోడలికి చెప్పాలని ఆవిడకు తట్టనే లేదు.

బుధవారం నాలుగింటికి టీచరమ్మ ఒక పిన్నీసు సంచి విప్పింది. చేతికి తొడుక్కునే బొమ్మలు రావాల్సిన చోట బ్యాంకు ఫారాలు! అసలు సంచి కోసం నడవా చివరి అలమారా దాకా పరిగెత్తి తిరిగొచ్చేసరికి పిడుగులు పనిలో దిగిపోయారు. ఒకడు "టిక్కెట్, ప్లీజ్!" అని గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. ఒకతి కుర్చీకి ఇంజెక్షను పొడుస్తోంది. బ్యాంకు ఫారాలు పడవలయ్యాయి, డాక్టరు చీటీల నిండా ఏనుగులు. మూడు నెలల్లో పిల్లలు ఇంత ఇంగ్లీషు మాట్లాడింది లేదు. టీచరమ్మకు మాత్రం ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఇంటికి ఫోను చేసింది. "అత్తయ్యా, సంచులు గానీ ముట్టుకున్నారా?"

"ఉతికానే! ఇస్త్రీ కూడా చేశా. మేడం చూసిందా? ఏమంది?"

"ఇంకా రాలేదండీ," అంది కోడలు నీరసంగా. "మీరు మాత్రం వేళకు వచ్చేయండి."

ఆరయింది. పెద్ద మేడం నోటు పుస్తకంతో మూలన కూర్చుంది. పదిమంది పెద్దలూ ఊపిరి బిగబట్టారు. టీచరమ్మ చేతిలో ఉన్నది పిల్లల సంచి ఒక్కటే. ఏదైతే అదయిందని బల్ల మీద బోర్లించింది. ఎలుగుబంటి, కోతి, కుందేలు, మొసలి, ఇంకా ఏవేవో గుడ్డ బొమ్మలు దొర్లిపడ్డాయి.

"తలా ఒకటి తొడుక్కోండి," అంది. "ఇవాళ మీరెవరూ మాట్లాడొద్దు. బొమ్మలే మాట్లాడతాయి."

"తప్పులొస్తేనమ్మా?" అన్నాడు తాళాలాయన అనుమానంగా.

"తప్పు బొమ్మదండీ. మీకేం సంబంధం?"

డ్రైవరు తాతగారు ఎలుగుబంటిని తొడుక్కుని అటూ ఇటూ చూశాడు. ఉన్నట్టుండి ఎలుగుబంటి గాండ్రించింది. "ఐ డ్రైవ్ ట్రైన్! నో బ్రేక్!"

"స్టాప్! స్టాప్!" అని కోతి తాళాలాయన చేతిమీంచి గెంతింది. "ఐ హావ్ కీ! ఐ లాక్ ట్రైన్!"

అంతే, గది గదంతా గొల్లుమంది. రైలుకు తాళం వేస్తాడట! నలభై ఏళ్ళ గాంభీర్యం పొట్ట పట్టుకుని బల్ల మీద వాలిపోయింది. ఒకరి మాట ఒకరు అందుకుని అరుస్తున్నారు, అంతా ఇంగ్లీషే. టీచరమ్మ నోరు వెళ్ళబెట్టి చూస్తుండగా, వెనక బల్ల మీంచి మొసలి లేచింది. చెయ్యి ఎవరిదో వేరే చెప్పాలా? మొసలి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"మై కోడలు," అంది. "వెరీ గుడ్ టీచర్. వెరీ బ్యాడ్ కుక్!"

ఎలుగుబంటి చప్పట్లు కొట్టింది. మొసలికి హుషారొచ్చింది. "ఎవ్రీ డే, బ్లాక్ కర్రీ. ఐ ఈట్. ఐ సే, గుడ్, గుడ్!"

కోడలి చెవులు ఎర్రబడ్డాయి. పెద్ద మేడం నోటు పుస్తకం మూసేసి, "మొసలిగారూ, తమరికి ఇంగ్లీషు దేనికి?" అని ఇంగ్లీషులోనే అడిగింది.

మొసలి హుషారు తగ్గింది. ఈసారి నెమ్మదిగా మాట్లాడింది.

"నో నీడ్ ఇంగ్లీష్. మై సన్, షిప్. హౌస్, ఓన్లీ టూ. షీ కమ్ హోమ్, టైర్డ్. త్రీ క్లాస్, టాక్, టాక్, టాక్. హోమ్, నో టాక్." మొసలి తల కోడలి వైపు తిరిగింది. "హియర్, షీ టాక్. సో ఐ కమ్. ఐ లిజన్."

కోడలు ఆ ముక్కలన్నీ మనసులో కూడుకుంది. నిజమే. ఇంటికెళ్ళి "హమ్మయ్య" అని పడక మీద వాలడమే తెలుసు తనకు. గోడలతో, కుండీలతో ఆవిడ ఎందుకు మాట్లాడుతోందో ఏనాడైనా ఆలోచించిందా? సిగ్గేసింది. అత్తగారి మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

గది చప్పబడిపోతుందేమోనని భయపడ్డాడో ఏమో, తాతగారు ఎలుగుబంటి చేత రైలు కూత వేయించాడు. దాంతో మళ్ళీ నవ్వులు. పెద్ద మేడం లేచి, మిగిలిపోయిన కుందేలును తొడుక్కుని, "టీచర్ స్టేస్. క్లాస్ స్టేస్," అంది. అంత పెద్ద మనిషి చేతిమీద కుందేలు చెవులు ఊగుతుంటే టీచరమ్మ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

ఇంటికొచ్చి కోడలు పొయ్యి మీద కూర పడేసింది. "అయినా, మాడిన కూరను అన్నాళ్ళూ బాగుందని ఎందుకన్నారు అత్తయ్యా?"

"మాడిందంటే మూతి ముడుచుకు పడుకుంటావు. బాగుంది, ఎలా చేశావంటే, చేసిన తీరు చెప్పడానికైనా నాలుగు మాటలు మాట్లాడతావుగా!"

కోడలు గరిటె పక్కన పెట్టి వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుంది. నాలుగింటి పడవల దగ్గర మొదలుపెట్టింది. టిక్కెట్లు, ఇంజెక్షన్లు, అయిదింటివాళ్ళ ఫుట్‌బాల్ రగడ, ఒక్కటీ వదల్లేదు. అత్తగారు మధ్యమధ్య "అయ్యో", "ఆనక?" అంటూ వింటూనే ఉంది. వంటింట్లోంచి వాసన వచ్చినా ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.

తీరా వడ్డించుకున్నాక అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "మాడింది," అంది.

కోడలు పగలబడి నవ్వి, ఎలా మాడిందో మొదట్నుంచీ చెప్పింది.