హబ్ నిండా గ్రీజు

నాలుగో బస్సు కూడా ఆగిపోయింది. ఈసారి గన్నవరం దాటకముందే. వెనక చక్రం నుంచి పొగ వస్తోందని డ్రైవర్ ఫోన్ చేశాడు. ప్రయాణికుల్ని దించి రోడ్డు పక్కన ఎండలో నిలబెట్టారట.

ఆటోనగర్ షెడ్డులో ఆ ఫోన్ ఎత్తింది వెంకటప్పయ్య. పన్నెండు బస్సులు తిప్పే ట్రావెల్స్‌కి ఆయన హెడ్ మేస్త్రి. ముప్పై రెండేళ్ల సర్వీసు. ఫోన్ పెట్టేసి షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాడు. మళ్లీ నడిచాడు. పని చేస్తున్న పదిమందిలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఆయన అలా తిరిగేటప్పుడు తల ఎత్తకూడదని అక్కడ అందరికీ తెలుసు.

ఓనరు హర్షవర్ధన్ నెల మొదట్లోనే గడువు పెట్టాడు. చక్రాలు ఎందుకు కాలుతున్నాయో ముప్పయ్యో తారీకులోగా తేలకపోతే మరమ్మతు పని మొత్తం హైదరాబాదు కంపెనీకి ఇచ్చేస్తానన్నాడు. అంటే షెడ్డుకి తాళం. పదకొండు ఇళ్లలో పొయ్యి సంగతి. ఇవాళ ఇరవై ఎనిమిది.

గడువుతో పాటు ఒక తెల్లబోర్డు కూడా పంపించాడు. ఏదో హోటల్లో రెండు రోజుల ట్రైనింగుకి వెళ్లొచ్చాడు ఆ అబ్బాయి. పనిచేసేచోట ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలట. రోజూ నాలుగింటికి అరగంట కూర్చుని ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పుకోవాలట. పెద్దవాడు కాబట్టి వెంకటప్పయ్యే నడిపించాలట. మీరు వాళ్లచేత మాట్లాడించండి చాలు అన్నాడు.

వెంకటప్పయ్య మాట్లాడించబోయాడు. బోర్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పదిమందినీ ఎదురుగా నిలబెట్టి చెప్పండి అన్నాడు. ఎవరూ చెప్పలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు పేరు పెట్టి ఒక్కొక్కరినే అడిగాడు. మీరు చెప్పినట్టే చేస్తున్నామండీ అన్నారు ఒకరి తర్వాత ఒకరు. నోట్లో బెల్లంగడ్డలు పెట్టుకొచ్చారా అని తిట్టాడు. ఇరవై రోజులైంది. బోర్డు మీద ఒక్క గీత పడలేదు.

ఫోన్ వచ్చిన పావుగంటకి బండి తీసుకుని గన్నవరం బయల్దేరాడు. దారి పొడుగునా లోపల తిట్లే. బ్రేకు మీద నుంచి కాలు తీయని డ్రైవర్లని తిట్టాడు. బ్రేకు లైనర్లు చేసే కంపెనీని తిట్టాడు. తెల్లబోర్డుని తిట్టాడు. నిడమానూరు దగ్గర డ్రైవర్ మళ్లీ ఫోన్ చేసి, జనాన్ని వేరే బస్సు ఎక్కించామని, ఆగిన బస్సుని లాక్కొస్తున్నారని, మేస్త్రిగారు రానక్కర్లేదని చెప్పాడు. అక్కడే వెనక్కి తిరిగాడు.

షెడ్డు వెనక వైపు బండి ఆపేసరికి నాలుగున్నర. రేకుల గోడ అవతల నవ్వులు వినిపించాయి. ఆ షెడ్డులో నవ్వులు విని చాలా కాలమైంది. ఆయన గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

వాళ్లంతా కూర్చుని ఉన్నారు. టైర్ల మీద, డబ్బాల మీద, నేల మీద. మధ్యలో జోయెల్. ఏడాది కిందట ఒక కంపెనీ షోరూం వర్కుషాపు నుంచి వచ్చి చేరిన మెకానిక్. వాడి చేతిలో పాడైపోయిన ఆయిల్ సీలు ఉంది, గ్రీజు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు. దాన్ని తిప్పి చూపిస్తూ, లోపల జరిగేది చెబుతున్నాడు. చక్రం మధ్యలో ఉండే హబ్ నిండా గ్రీజు కూరితే వేడెక్కినప్పుడు అది పోవడానికి చోటు ఉండదు. సీలుని తోసుకుని బయటికొచ్చి లైనర్ల మీద పడుతుంది. బ్రేకు జారుతుంది. డ్రైవర్ మళ్లీ మళ్లీ తొక్కుతాడు. చక్రం కాలుతుంది.

హబ్ నిండా గ్రీజు కూరాలన్నది వెంకటప్పయ్య పెట్టిన పద్ధతి. పక్కన నిలబడి మరీ కూరించేవాడు.

"ఏడో నంబరు బస్సుకి రెండు నెలల కింద నేను తక్కువే పెట్టా, మీరంతా చూశారుగా. ఆయన అన్నానికి పోయినప్పుడు. బేరింగుల వరకు నింపి, హబ్‌లో ఖాళీ వదిలేశా. అది ఒక్కసారన్నా ఆగిందా?" అన్నాడు జోయెల్.

ఆగలేదు. అది వెంకటప్పయ్యకీ తెలుసు.

మరి ఆయనకి ఎవరు చెబుతారని ఎవరో అడిగారు. అందరిలోకీ పెద్దవాడు ఇమామ్ బీడీ నోట్లోంచి తీశాడు.

"జోయెలే చెబుతాడు. బస్సులు కడిగే పైపు ఎట్టాగూ ఖాళీగానే ఉంది."

మళ్లీ నవ్వులు.

పైపు సంగతి వెంకటప్పయ్య మర్చిపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. చేరిన మొదటి వారంలోనే జోయెల్ ఈ గ్రీజు మాట ఎత్తాడు. షోరూం అల్లుడుగారొచ్చారు, కుర్చీ వేయండ్రా అని తను అన్నాడు. నెలరోజులు బస్సులు కడిగించాడు. ఆ నెల తర్వాత ఎవరూ ఏ మాటా ఎత్తలేదు. బుద్ధొచ్చింది అనుకున్నాడు తను.

ముందు ఒళ్లు మండింది. వెళ్లి జోయెల్ చొక్కా పట్టుకుని గేటు బయటికి నెట్టాలనిపించింది. తనకి తెలియకుండా తన షెడ్డులో పని మార్చాడు. రెండు నెలలుగా అందరికీ తెలుసు. షెడ్డు మూతపడుతుందనీ తెలుసు. ఉద్యోగాలు పోగొట్టుకోవడానికైనా సిద్ధపడ్డారు గానీ తనకి చెప్పడానికి సిద్ధపడలేదు.

అక్కడ మండటం ఆగింది. గోడ వెంబడి నడవడం మొదలుపెట్టాడు.

ఆయన భార్య ఛాయాదేవికి అయిదు నెలలు కడుపులో నొప్పి ఉండేది. పక్కింటావిడకి చెప్పింది. మంగళగిరిలో చెల్లెలికి చెప్పింది. మొగుడికి చెప్పలేదు. చెప్పేసరికి డాక్టర్లు చేసేదేమీ లేకపోయింది. పెద్దదినం నాడు ఆ చెల్లెలు, మీరు అరుస్తారని చెప్పలేదు బావగారూ అంది. మూడేళ్లయింది. మళ్లీ ఆ చెల్లెలి ఇంటి గడప తొక్కలేదు ఆయన. తప్పు ఆ చెల్లెలిదే అనుకుంటూ వచ్చాడు.

గోడ వెంబడి మూడుసార్లు తిరిగి లోపలికి వెళ్లాడు.

పదిమందీ లేచి నిలబడ్డారు. నవ్వు పోయింది. జోయెల్ సీలుని జేబులోకి తోశాడు.

స్టాండు మీదున్న బస్సు హబ్‌ని బల్ల మీద పెట్టమన్నాడు వెంకటప్పయ్య. ఇద్దరు ఎత్తి పెట్టారు. గ్రీజు డబ్బా ముందుకి లాక్కున్నాడు.

"నేను రోజూ చేయించేటట్టే చేస్తా. తప్పు ఎక్కడుందో అక్కడ ఆపండి."

ఎవరూ నమ్మలేదు. ఇమామ్ ఆయన మొహంలోకి చూశాడు, ఇదేం పన్నాగమో అన్నట్టు.

బేరింగుల్లోకి గ్రీజు ఎక్కించాడు. ఎవరూ పలకలేదు. అది సరైన పనే. తర్వాత గుప్పెడు తీసి హబ్‌లోకి కుక్కాడు. ఎవరూ పలకలేదు. రెండో గుప్పెడు. షెడ్డు బయట లారీ ఏదో హారన్ కొట్టి పోయింది. మూడో గుప్పెడు. వీళ్లు ఆపరు, నిండేదాకా ఇలాగే చూస్తారు, ఎల్లుండి తాళం వేసుకుని ఇళ్లకి పోతారు అనుకున్నాడు. చెయ్యి మళ్లీ డబ్బాలోకి పోయింది.

"చాలండి" అన్నాడు జోయెల్.

"ఎందుకు చాలు?"

ఆ గొంతు పాత గొంతే. జోయెల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. వెంకటప్పయ్య చెయ్యి డబ్బాలోనే ఉంది. ఈసారి మెల్లగా అన్నాడు.

"ఎందుకో చెప్పరా. నాకు తెలీదు."

ముప్పై రెండేళ్లలో ఆ మాట ఆ షెడ్డులో ఆయన అనలేదు.

జోయెల్ వెంటనే రాలేదు. ఇమామ్ వంక చూశాడు. తర్వాత బల్ల దగ్గరికొచ్చి, హబ్‌ని తన వైపు తిప్పుకుని, కుక్కిన గ్రీజుని వేళ్లతో తీయసాగాడు. తీస్తూ చెప్పాడు. సీలు తీసి చూపించాడు. ఒకడు టార్చి పట్టాడు. ఇంకొకడు, మరి ముందు చక్రాలకో అని అడిగాడు. అందరూ బల్ల చుట్టూ మూగారు.

ఫోన్ మోగింది. హర్షవర్ధన్. గన్నవరం బస్సు గురించి అరుస్తున్నాడు. ఆ అరుపు అయ్యేదాకా వెంకటప్పయ్య ఆగాడు.

"కారణం దొరికింది బాబూ. నేను పెట్టించిన గ్రీజే. వీళ్లకి ముందే తెలుసు. నేను చెప్పనివ్వలేదు."

మిగతా పదకొండు బస్సుల మాటేమిటని అడిగాడు హర్షవర్ధన్. ఏడో నంబరుది చేసే ఉంది, పది చేయాలి అన్నాడు వెంకటప్పయ్య. నెల రోజులు ఒక్క బస్సూ ఆగకూడదు, అప్పుడు హైదరాబాదు వాళ్ల సంగతి ఆలోచిస్తా అన్నాడు హర్షవర్ధన్. మీ సంగతి కూడా అప్పుడే అన్నాడు. పెట్టేశాడు.

వెంకటప్పయ్య బల్ల వైపు వచ్చాడు. వీపులు అడ్డంగా ఉన్నాయి. జోయెల్ ఎంత తీశాడో, ఎంత ఉంచాడో కనబడలేదు. ఎవరూ జరగలేదు. ఆయన వచ్చినట్టు గమనించనే లేదు.

"కాస్త జరగండ్రా. నాకు కనపడట్లా."

ఇమామ్ వెనక్కి తిరగకుండానే ఒక ఖాళీ డబ్బాని కాలితో ఆయన వైపు నెట్టాడు.

"కూర్చో. కింద నుంచి కనపడుద్ది."

ఆయన కూర్చున్నాడు.