పెదవి తగలని మరచెంబు

నేను ఒక ఇత్తడి మరచెంబును. అజ్జరంలో కంచరివాళ్ళ సుత్తి దెబ్బలు తిని పుట్టాను. లోపల కళాయి, మెడకు మర. మూత బిగిస్తే బోర్లించినా చుక్క కారదు. తణుకులో సిమెంటు కొట్టు నడిపే కోటిలింగం గారి తల్లి నన్ను కొని, కోడలు హైమావతి చేతిలో పెడుతూ ఒకే మాట చెప్పింది: "ఎత్తి పోసుకో అమ్మాయ్, మూతి పెట్టావంటే ఎంగిలైపోద్ది."

అత్తగారు పోయినా ఆ మాట పోలేదు. పెళ్ళిళ్ళకీ, తీర్థాలకీ, ఆసుపత్రులకీ హైమావతి వెంట నేనే. ఆమె దాహం నాకు తెలిసినట్టు కట్టుకున్నవాడికి కూడా తెలియదు. పెదవి మాత్రం ఎరగను. మనుషులు దీన్ని శుభ్రమంటారు. నన్నడిగితే దూరం పెట్టడమంటాను. జానెడు ఎత్తు నుంచి నీళ్ళు పోస్తూ ఇన్నేళ్ళూ గడిపేశాను.

సిమెంటు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్ళు డీలర్లను భార్యలతో సహా ఫ్రాన్సు తిప్పారు. అలా బోర్డో చేరాం. వైను వ్యాపారంతో పెరిగిన పాత నగరం. తేనెరంగు రాతి మేడలు, మట్టిరంగు గరోన్ నది, ఒడ్డున పలచగా నీళ్ళు పరిచిన పెద్ద రాతినేల. ఆ నీళ్ళలో మేడలు తలకిందులుగా కనిపిస్తుంటే హైమావతి చెప్పులు చేతపట్టుకుని నడిచింది. "గోదారి గట్టున ఇలాంటిదొకటి కట్టకూడదేంటండీ?" అంది. నాకూ ఆ ఊరు నచ్చింది, మర్నాటి వరకు.

మర్నాడు బస్సులో పల్లెలకు వెళ్ళాం. కొండవాలు నిండా ద్రాక్షతోటలు, వరసల మొదట్లో గులాబీ మొక్కలు. ఒక పాత భవంతిలో తోట యజమానురాలు అందరికీ వైను పోసి, తాగని హైమావతికి ద్రాక్షరసం పోసింది. దేనిలో అనుకున్నారు? సన్నటి కాలు, పలచటి ఒళ్ళు, గోరు తగిలితే ఖంగుమనే గాజుగ్లాసులో! సంచీలోంచి దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

హైమావతి అలవాటుగా గ్లాసు ఎత్తి పోసుకుంది. ఆ గాజుకి మన పద్ధతి ఏం తెలుసు? రసమంతా గంధంరంగు పట్టుచీర మీద పడింది. నాకెంత హాయిగా ఉందో! కోటిలింగం గారు నవ్వి, "పెదవి పెట్టి తాగవే, మా అమ్మేం రాలేదిక్కడికి" అన్నారు. యజమానురాలు మళ్ళీ పోసింది. హైమావతి అటూ ఇటూ చూసి, కళ్ళు మూసుకుని, అంచుకి పెదవి ఆనించింది.

అప్పుడే పరిచయమైన గాజుముక్కకి! కుళ్ళుకోలేదంటే అబద్ధం. అది కిందపడి పగలాలని కోరుకున్నాను. పగల్లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు కుదుపులకు ఎత్తి పోసుకుంటే చీర మళ్ళీ తడిసేలా ఉంది. హైమావతి నా మూత విప్పి, కాసేపు తటపటాయించి, నా అంచుకే పెదవి పెట్టి తాగింది. వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళ ఉక్రోషం ఒక్క గుక్కలో దిగిపోయింది.

"ఇటివ్వు, నాకూ దాహంగా ఉంది" అన్నారు కోటిలింగం గారు.

"అయ్యో, ఎంగిలి చేశానండీ."

"ఇవ్వవే."

ఆయన ఎత్తి పోసుకోలేదు. ఆమె పెదవి తడి ఆరని చోటే, వెతికి మరీ, మూతి పెట్టి తాగారు. హైమావతి కిటికీ వైపు తిరిగింది గానీ అద్దంలో నవ్వు దాగలేదు. అలాంటి నవ్వు ఆమె నా వైపు ఎప్పుడూ నవ్వలేదు. గాజుగ్లాసు మీద కుళ్ళు అక్కడితో పోయింది. ఇప్పుడు నా కుళ్ళంతా ఆయన మీద. ఆయన ఒళ్ళో నేనున్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. మూత కూడా పెట్టలేదు.