నిలవని ఇల్లు

పళ్ళ పిన్ని రోజూ మధ్యాహ్నం కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, ముక్కూ మొహం తెలియని ముసలివాళ్ళకి పళ్ళసెట్లు తయారుచేస్తుంది. ఎర్రటి మైనాన్ని చిన్న దీపం మీద మెత్తబరిచి, అందులో ఒక్కో పన్నూ గుచ్చి, వంకర ఉందేమో చూసుకుని సరిచేస్తుంది. పళ్ళ డాక్టరు పంపిన మనిషి వచ్చి పట్టుకుపోతాడు. ఇల్లు ఆ రోజు ఏ వీధిలో ఉందో ఫోన్ చేసి కనుక్కుని మరీ వస్తాడు.

అక్క పోయి, అక్క కూతురు తన దగ్గరికి వచ్చిన నాలుగు నెలల్లో ఇల్లు పదకొండుసార్లు చోటు మారింది. ఆ ఏడేళ్ళ పిల్ల మనసు చెదిరిందంటే చాలు, ఇల్లు లేచి నడుస్తుంది. పిల్ల ఎక్కడ కుదుటపడితే అక్కడ ఆగుతుంది. పోస్ట్‌మ్యాన్‌కి అలవాటైపోయింది. ట్రాఫిక్ పోలీసు లారీలు ఆపి ఇంటికి దారి ఇస్తాడు.

అలవాటు కానిది పిన్నికే. బుజ్జగించి చూసింది, బిస్కెట్లు పెట్టి చూసింది. ఓ రోజు గట్టిగా కసిరేసరికి ఇల్లు పరుగందుకుంది. బల్ల మీది పళ్ళన్నీ నేలపాలయ్యాయి. మర్నాడే పిన్ని, పిల్ల మేనత్తకి ఫోన్ చేసి, "నా వల్ల కావట్లేదు వదినా, నువ్వు తీసుకెళ్ళు" అంది. ఓడల్లో వంట చేసే పిల్ల తండ్రి ఎక్కడో నడిసముద్రంలోంచి, మీరిద్దరూ ఎలా అనుకుంటే అలాగే అన్నాడు.

వదిన శుక్రవారం నాలుగింటికి వస్తానంది. పిల్లకి ఆ సంగతి చెప్పడానికి పిన్నికి నోరు రాలేదు. శుక్రవారం పొద్దున్నించీ ఆమె చెయ్యి పని మీద నిలవలేదు. పన్ను పెట్టడం, గడియారం చూడటం, పన్ను పీకడం.

మూడున్నరకి పిల్ల బడి నుంచి వచ్చింది. మంచం మీద పెట్టె, అందులో మడతపెట్టిన తన గౌన్లు చూసింది. భోజనాల బల్ల కిందికి దూరి, రెండు కాళ్ళతో గోడని తన్నడం మొదలుపెట్టింది. గిన్నెలు గలగలమన్నాయి. నేల ఒక పక్కకి లేచింది. ఇల్లు కదిలింది.

పిన్ని నోటిదాకా వచ్చిన కసురుమాట మింగేసింది. వెచ్చటి మైనం ముద్ద ఒకటి తీసుకుని తనూ బల్ల కిందికి దూరింది. పిల్ల మొహం తిప్పుకుంది. పిన్ని ముద్దని ఆ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"నాకొద్దు."

"వద్దులే. గట్టిపడేదాకా పిసుకుతూ ఉండు, చాలు."

పిల్ల వెక్కుతూ, కోపంగా పిసికింది. కిటికీలోంచి మందుల షాపు, పెట్రోలు బంకు, పేరు తెలియని వీధులు వెనక్కి పోతున్నాయి. కాసేపటికి ఎక్కిళ్ళు తగ్గాయి. గోడని తన్నడం ఆగింది. ఊపిరి నిదానంగా ఆడసాగింది. మైనం గట్టిపడింది.

ఇల్లు మాత్రం నడుస్తూనే ఉంది.

"ఇంకా కోపంగా ఉందా?" పిన్ని అడిగింది.

"లేదు. ఇది నేను కాదు పిన్నీ."

"మరెవరు?"

పిల్ల పిన్ని వీపు మీద చెయ్యి వేసింది. "నీకు దడదడలాడుతోంది" అంది.

ఆ చిన్న చేతి కింద పిన్నికి తన గుండె చప్పుడు తనకే వినపడింది. పొద్దున్నించీ కాదు, నాలుగు నెలలుగా అది ఇలాగే కొట్టుకుంటోంది.

"అత్తని రమ్మన్నది నేనే" అంది.

"ఇల్లు నడుస్తుందనా?"

"అందుకు కాదు. మీ అమ్మలా చూసుకోవడం నాకు చేతకాదేమోనని."

పిల్ల కాస్త ఆలోచించింది. "అమ్మకీ చేతకాదు. కోపమొస్తే గరిటె విసిరేసేది. తర్వాత నాతోపాటు ఏడ్చేది."

పిన్నికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. అక్క పోయాక ఏడవడానికి ఆమెకి ఇప్పటిదాకా తీరిక దొరకలేదు. పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది. ఇల్లు మెల్లగా, ఎక్కడ కూర్చోవాలో వెతుక్కుంటున్న ముసలావిడలా అటూ ఇటూ సర్దుకుని ఆగింది.

అయిదు దాటాక తలుపు చప్పుడైంది. వదిన. జుట్టు రేగిపోయింది, చెప్పులు చేతిలో ఉన్నాయి.

"సందు చివరిదాకా వచ్చేసరికి మీరు బయలుదేరారు. అప్పట్నుంచీ వెనకాలే నడుస్తున్నా" అంది రొప్పుతూ. "పెట్టె సర్దేశావా?"

"కూర్చో వదినా. మంచినీళ్ళు తాగు. నిన్ను తిప్పలు పెట్టాను. పిల్ల నా దగ్గరే ఉంటుంది."

వదిన పిల్ల వంక చూసింది. ఎర్రబడ్డ పిన్ని కళ్ళు చూసింది. గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది.

"ఇక్కణ్ణుంచి బడికి ఎలా పంపుతావు? నేను నడిచింది తక్కువ దూరమేం కాదు."

"తెలీదు" అంది పిన్ని. తలుపు తీసి, ఎన్నడూ చూడని ఆ వీధిని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది. "పదవే, బస్సులు ఎక్కడ ఆగుతాయో కనుక్కుందాం."

పిల్ల అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.