గట్టు దాటించాలి

"ఆ పురుగుల చేత్తోనే అన్నం పెడతావా?" అన్నాడు మా ఆయన, కంచం వెనక్కి నెడుతూ.

సబ్బుతో రుద్ది రుద్ది కడిగినా గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ చార పోలేదు. పొద్దున సోయా చేలో ఆకు తిప్పి చూస్తే అడుగున లద్దెపురుగు పిల్లలు గుంపుగా ఉన్నాయి, ఆకును జల్లెడ చేస్తూ. గుంపుగా ఉన్నప్పుడే నలిపేయాలి. చెదిరాక ఏ మందూ అందుకోలేదు. బొటనవేలి కింద అవి చిటుక్కుమంటే మొదట్లో చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. ఇప్పుడు తీసుకోను.

"తిను నాయనా, కోడలు ప్రేమగా పెడుతోంది," అంది అత్త. నవ్వింది.

అసలు కోపం పురుగుల మీద కాదని నాకు తెలుసు. మందు కొట్టాక కూడా చేలో కలుపు తలెత్తుకునే నిలబడింది.

"మందు తక్కువ కలిపావు."

"డబ్బా మీద ఉన్నట్టే కలిపాను."

"అయితే ఈసారి రెట్టింపు కలుపు. నోరు మూసుకుని."

ఏటా అదే మందు, ఏటా ఇంకాస్త ఎక్కువ. దానికి చావని మొక్కలే గింజ రాలుస్తాయి, ఆ గింజ నుంచి మొలిచినవీ దానికి చావవు. నిరుడు అక్కడక్కడా మాత్రమే మిగిలాయి, పూత రాకముందే పీకేస్తే పోయేది. ఆ వారమే కూరలో ఉప్పెక్కువైందని నా మణికట్టు విరిచాడు. కట్టు కట్టిన చెయ్యి కలుపు పీకదు. అవన్నీ గింజ రాల్చాయి. ఈ ఏడు చేనంతా ఆ మణికట్టే మొలిచింది.

ఆ మధ్యాహ్నం రెట్టింపు మందు కలపలేదు. కొడవలి నడుముకి దోపుకుని, అమ్మాయిని తీసుకుని కలుపు పీకడానికి వెళ్ళాను.

"గట్టు మీద పడేస్తే చాలదా అమ్మా?"

"చాలదే. చెమ్మ తగిలితే మళ్ళీ వేరు పట్టుకుంటుంది. గట్టు దాటించాలి, అవతల గుంతలో వేసి కాల్చాలి."

వెనక నుంచి వచ్చాడు. "చెప్పిందేమిటి, చేస్తున్నదేమిటి? నీ బాబు నేర్పాడా సేద్యం?" చేతిలో స్ప్రేయర్ ఇత్తడి గొట్టం. మొదటి దెబ్బ చెవి మీద పడింది. మెడ మీదుగా వెచ్చగా కారింది. రెండోది వీపు మీద. ఈ దెబ్బలు నాకు అలవాటే, పళ్ళు బిగించుకుంటే చాలు.

"కొట్టకు నాన్నా!" అంటూ పిల్ల అడ్డం వచ్చింది.

"నువ్వూ దాని కడుపునే పుట్టావుగా," అన్నాడు. గొట్టం పిల్ల ముంజేతి మీద పడింది. అది ఏడవలేదు, నాలాగే పళ్ళు బిగించింది.

గొట్టం పట్టుకుని లాగాను. సాళ్ళ మధ్య వెల్లకిలా పడ్డాడు. గుండెల మీద మోకాలు వేసి కొడవలి మెడకి ఆనించాను. ఎంత నొక్కితే ఏది పగులుతుందో ఈ చేతులకి బాగా తెలుసు. అతని గొంతుముడి కొడవలి కింద ఒకసారి కదిలింది.

"అమ్మా," అంది పిల్ల.

లేచాను.

అతన్ని చేలోనే వదిలేసి, పిల్లతో ఇంటికొచ్చి అతని బట్టలన్నీ మూట కట్టాను. మా అమ్మ నాకిచ్చిన ఇల్లు ఇది. ఇదివరకూ కొట్టినప్పుడల్లా అతని పక్క బయట అరుగు మీద వేసేదాన్ని. పొద్దున్నే అక్కడికే టీ వెళ్ళేది, సాయంత్రానికి మనిషి మళ్ళీ లోపల ఉండేవాడు.

"అరుగు మీద పెట్టమ్మా," అంది అత్త. "వాడి కోపం ఎంతసేపు!"

"అరుగు మీద కాదత్తయ్యా. మీరు ఉంటే ఉండండి, వెళ్తే వెళ్ళండి. మీ అబ్బాయి మాత్రం ఈ గడప తొక్కడు."

మూట ఎత్తుకుని గేటు దాటాను. వీధి మలుపు దాటాను. బస్సు ఆగే చోట దింపేసి వెనక్కి వచ్చి, తలుపు గడియ వేశాను.

చేతులు కడుక్కుని అన్నం కలిపాను. గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ అలాగే ఉంది. ముద్ద చేసి చూపించాను. వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పిల్ల నోరు తెరిచింది.